ఇరవై మూడో మడి

ఆ అర్జీ రాసింది నేనే. ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక. 1973 మార్చి నెలలో, పెన్నులో కొత్త ఇంకు పోసుకుని, కింద బడి స్టాంపు వేసి మరీ మున్సిపల్ ఆఫీసుకు పంపాను. బీడీ గల్లీ వాళ్లు పారబోసే మురికి నీళ్లు మా బాలికల బడి గేటు ముందు మడుగు కడుతున్నాయనీ, పిల్లలు జారిపడుతున్నారనీ, గోడ మూలనున్న నల్లాను అక్కడినుంచి తీసేయాలనీ రాశాను. రాశాక రెండుసార్లు చదువుకుని, వాక్యం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

నాకు కోపం ఎక్కువ. నిజామాబాదులో పదకొండేళ్లుగా హెడ్‌మిస్ట్రెస్‌గా చేస్తున్నదానికి ఆ మాత్రం లేకపోతే ఎట్లా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఇక ఆ గోడ విషయం వస్తే నా కోపానికి పట్టపగ్గాలుండవు. అది నలభై గజాల గోడ. నాలుగేళ్ల కిందట ప్రత్యేక తెలంగాణ గొడవల్లో ఎవరో దాని మీద, గేటు పక్కనే, మా కోస్తా వాళ్లని వెళ్లిపొమ్మని గజమెత్తు అక్షరాలతో రాశారు. మా నాన్న వీరరాఘవయ్య కాలువ కింద చెరకు వేసుకుందామని బోధన్ వచ్చేనాటికి నాకు ఆరేళ్లు. వెళ్లిపొమ్మంటే ఎక్కడికి వెళ్లాలో నాకు నిజంగా తెలియదు. ఆ రాసినవాడు రెండు అక్షరాలు తప్పు రాశాడు, దానికి ఇంకా మండింది. ఆరోజే సున్నం కొట్టించాను. అప్పటినుంచి ప్రతి ఏడూ బడి తెరిచేలోగా గోడ మొత్తం తెల్లగా మెరిసిపోవాల్సిందే.

గోడకు ఎదురుగా ఇరవై రెండు ఇళ్లు. ఇంటింటా ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. తునికాకును సాయంత్రం నీళ్లలో నానబెట్టి, తీసి తడి గోనెలో చుట్టిపెడతారు. పొద్దున్నకి అది మెత్తబడితే కత్తెరతో ముక్కలు కోస్తారు. ఆకు నానిన నీళ్లు చిక్కటి డికాక్షన్ రంగులో ఉంటాయి. వాటిని గడప దగ్గరే గుమ్మరించేవారు. గల్లీ వాలు నా గేటు వైపుకు. మా పక్కింటి పెళ్లికని కట్టుకున్న నా కొత్త చీర అంచు మీద ఆ మరక ఇప్పటికీ ఉంది.

అంతకుముందు ఏడాది వానలు మొహం చాటేశాయి. కందకుర్తి దగ్గర గోదావరిలో జనం నడిచి అవతలికి పోతున్నారని చెప్పుకునేవారు. మా గల్లీ నల్లాకు రోజు విడిచి రోజు, గంటసేపు నీళ్లు. అలాంటి ఏడాదిలో నేను నల్లా తీసేయమని రాశాను. అప్పుడది నాకు తప్పుగా తోచలేదు.

ఓవర్సీరు ఆత్మారాం వచ్చి, నల్లా దగ్గర నిలబడి, నా అర్జీని పైకి చదివాడు. జూన్ పదకొండున బడి తెరుస్తారు కాబట్టి, ఆ రోజుకీ గేటు ముందు మడుగు ఉంటే నల్లాను పెద్ద రోడ్డు అవతల అంగడి దగ్గరికి మార్చేస్తామన్నాడు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు ఒక్కసారి నా గేటు వైపు చూసి మళ్లీ వరసలో నిలబడ్డారు.

మర్నాడు పొద్దున్నే హన్మవ్వ బడికి వచ్చింది. ఆ గల్లీలో అందరికంటే వేగంగా బీడీలు చుట్టే మనిషి. యాభై దాటి ఉంటుంది. ధర్పల్లి దగ్గర పల్లె ఆమె పుట్టినూరు. వేళ్లు ఆకురంగు పట్టి కర్రముక్కల్లా ఉంటాయి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"టీచరమ్మా, నల్లా అంగడి కాడికి పోతె రోడ్డు దాటి పోవాలె, లైన్ల నిలవడాలె, మోసుకరావాలె. సగం దినం గండ్లనే పోతది. ఇగ బీడీలు ఎప్పుడు చెయ్యాలె? చెయ్యకుంటె ఏం తినాలె?" అంది.

"మరి నా పిల్లలు బురదలో పడి లేవాలా?"

"వద్దు. గది మాది తప్పే. నేను బందు చేపిస్త. బడి తెరిచేనాటికి మా ఇండ్లల్లకెళ్లి ఒక్క సుక్క మీ గేటు కాడికి రాకుంటె, అర్జీ వాపస్ తీస్కుంటరా?"

ఆమె బతిమాలలేదు. కొలతలు మాట్లాడుకునే మేస్త్రీలా అడిగింది. అదే నాకు నచ్చింది, అదే కోపం కూడా తెప్పించింది. సరే అన్నాను. సాధ్యం కాదులే అనే ధైర్యంతో అన్నాను.

ఆమె మొదటి ఉపాయం ఘోరంగా దెబ్బతింది. రోడ్డు పని వాళ్లు వదిలేసిన తుప్పు పట్టిన ఇనుప డ్రమ్ము ఒకటి దొర్లించుకొచ్చి నల్లా పక్కన నిలబెట్టింది. ఆకు నానిన నీళ్లు ఎవరూ పారబోయొద్దు, అందరూ ఇందులో పోయండి, తేరాక రేపు మళ్లీ అదే నీళ్లతో ఆకు నానబెట్టుకుందాం, మంచినీళ్లు తాగడానికి మిగులుతాయి అంది. విన్నవాళ్లందరికీ బాగానే ఉందనిపించింది. నాకూ అనిపించింది. మట్టి కుండల్లో ఆకు నానబెట్టుకునే వాళ్లకు ఇనుము సంగతి ఎలా తెలుస్తుంది?

మూడో రోజు పొద్దున గోనెలు విప్పితే, ఇనుము తగిలిన వగరుకు ఆకంతా నల్లబడి ఉంది. అయినా పని ఆపలేక చుట్టేశారు. బీడీలు తీసుకునే మున్షీ రాజలింగు మొదటి గంప మీది గుడ్డ తీసి చూశాడు.

"గివి బీడీలా, బొగ్గులా?" అన్నాడు. ఇరవై రెండు గంపల్నీ ఛాట్ కింద తీసేశాడు. అంటే ఆ రోజు గల్లీ చేసిన పనంతా చెత్తకుప్పలోకి పోయింది.

ముత్తవ్వ అని హన్మవ్వ పక్కింటావిడ, నోరు పెద్దది. వచ్చీ రావడంతోనే డ్రమ్మును కాలితో ఒక్క తన్ను తన్నింది. "నీ అక్కల్ పాడుగాను. నీ మాట ఇంటె గిట్లనే అయితది," అంది. డ్రమ్ము పడలేదు గానీ ఊగి, లోపలి నీళ్లు నా గోడ మీద చిల్లాయి. కాటుకలాంటి నలుపు, రెండు గజాల మేర.

నేను కేకలు పెట్టాను. మా అటెండరు లింబయ్య చేత వెంటనే సున్నం వేయించాను. మర్నాటికి సున్నంలోంచి మరక మళ్లీ తేలింది. ఇంకో పూత వేయించాను. మళ్లీ తేలింది. ఇవన్నీ హన్మవ్వ తన గడపలో కూర్చుని, చేట ఒళ్లో పెట్టుకుని చూస్తూనే ఉంది. ఆ మూడు రోజులూ గల్లీలో ఎవరూ ఆమెను పలకరించలేదు. మూడో సాయంత్రం లేచి వచ్చి, ఉమ్మితో తడిపిన వేలితో మరకను రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు. ఇంకోసారి రుద్ది, తల ఊపుకుంటూ వెళ్లిపోయింది.

తర్వాతి వారంలో ఆమె పలుగు పట్టింది. గోడ పొడుగునా మోకాలి లోతు కాలువ తవ్వి, మధ్యమధ్య కట్టలు వేసి మళ్లుగా విడగొట్టింది. నాలుగు రోజులు ఒక్కతే తవ్వింది. ఇంటికొక మడి, ఎవరి ఆకు నీళ్లు, బోళ్లు తోమిన నీళ్లు వాళ్లు తెచ్చి తమ మడిలో పోయాలి. నేను వచ్చి లెక్కపెట్టాను. ఇరవై రెండు ఇళ్లకు ఇరవై మూడు మళ్లు తవ్వింది. చదువు లేని మనిషి, లెక్క తప్పిందని లోలోపల నవ్వుకున్నాను.

ఆమె పట్టుదల చూసి నాకూ కాస్త మనసు కరిగింది. వట్టి బురద గుంటలు ఏం బాగుంటాయని, బడి తోటలోంచి క్రోటన్లు, మందారాలు తీయించి ఇచ్చాను. వారం తిరక్కుండా అన్నీ చచ్చాయి. ఆకు నీళ్ల వగరు, పైగా తంబాకు చేతులు కడిగిన నీళ్ల ఘాటు. వాటికితోడు ఏప్రిల్ ఎండ. నా మందారాల పక్కనే, ఎవరూ నాటని గలిజేరు ఒకటి ఎర్రటి కాడలతో హాయిగా పాకింది. ఉత్తరేణి మొలిచింది. జిల్లేడు లేచింది.

"ఈ పిచ్చిమొక్కలు పీకించెయ్యి హన్మవ్వా," అన్నాను.

"పిచ్చియి కావు టీచరమ్మా. గివ్విటికి మన నీళ్లు పడతున్నయి," అంది. "మీవే పడ్తలేవు."

మొక్కల సంగతి చెప్పిందనే అనుకున్నాను.

అయితే మళ్లున్నంత మాత్రాన నీళ్లు నడిచి రావు కదా. డ్రమ్ము దెబ్బ తిన్నాక హన్మవ్వ మాట గల్లీలో ఎవరూ వినలేదు. బకెట్ మోసి అక్కడిదాకా రావడం ఎందుకని గడపలోనే గుమ్మరించారు. మడుగు మడుగులాగే ఉంది. ఏప్రిల్ అయిపోయింది.

మేలో నేను బోధన్ వెళ్లాను. కాలువలో చుక్క లేదు. మా అన్నయ్య చెరకు నిలువునా ఎండిపోయింది, ఫ్యాక్టరీకి తోలడానికి కూడా పనికిరాదు. నాలుగు రోజులుండి, చూడలేక తిరిగొచ్చాను. రిక్షా గల్లీ మలుపు తిరగగానే నా గోడ కనిపించింది.

గోడ మీద మొక్కలున్నాయి. నిలువెత్తు మొక్కలు, నల్లటి గీతలతో. ఈత మట్ట కొస నమిలి కుంచెగా చేసుకుని, డ్రమ్ములోని నల్లనీళ్లు రంగుగా చేసుకుని, హన్మవ్వ వేసింది. నలుపు చాలక డ్రమ్ములో మేకులు, తెగిన కత్తెరలు కూడా పడేసిందట. పువ్వులున్నచోట పసుపు, ఎర్రమట్టి జాజు అద్దింది. మొదట తన మడి పైన తునికి కొమ్మ. ఆ పక్కన ముత్తవ్వ పేరున పల్లేరు, ముళ్లతో సహా. మూడోది గునుగు, నాలుగోది ఉత్తరేణి, వరసగా ఆరేడు.

రిక్షా దిగేసరికి ముత్తవ్వ గోడ దగ్గర నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"నాకు పల్లేరు గాయనా? నా నోరు సూసి పెట్టినవా?"

"నీళ్లు పోస్తె పువ్వు పూస్తది. పసుపు పచ్చగ, మంచిగుంటది," అంది హన్మవ్వ కుంచె ఆపకుండా.

"నాకొద్దు. తంగేడు ఎయ్యి. మా డిచ్‌పల్లి తొవ్వకు మస్తుంటది తంగేడు."

"ఏస్త. కని తంగేడు మొక్క నువ్వే తెచ్చి కింద నాటాలె. నువ్వే నీళ్లు పొయ్యాలె. ఎండితె నీ పేరు పోతది, నాది కాదు."

వాళ్ల మాటలు నా చెవికెక్కలేదు. నా గోడ మీద మళ్లీ ఎవరో నన్నడక్కుండా రాశారు, అదొక్కటే కనిపిస్తోంది. చేతి సంచి అక్కడే పడేసి, లింబయ్యను పిలిచి సున్నం బకెట్ తెమ్మన్నాను. ఆడవాళ్లందరూ గడపల్లోకి వచ్చి చూస్తున్నారు.

హన్మవ్వ కుంచె కింద పెట్టి నాకు ఎదురుగా వచ్చింది. "ఏపియ్యుండ్రి. ఎన్నిసార్లన్న ఏపియ్యుండ్రి. నేను మల్ల ముట్టను. గదే పైకొస్తది, మీకు ఎర్కనే," అంది. గొంతు పెంచలేదు. "గోడ మీదే టీచరమ్మా, కాదంటలేను. అడగకుంట ఏసుడు తప్పే. కని నోటితోని చెప్తె ఎవ్వలు ఇంటలేరు. ఇగ ఎట్ల చెప్పాలె? అర్జీ రాసుడు నాకు రాదు."

ఆ ఆఖరి మాట దగ్గర నా కోపం తడబడింది. లింబయ్య బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. "జూన్ పదకొండు," అన్నాను చివరికి. "ఆ రోజు గేటు ముందు తడి కనిపించిందా, గోడ మొత్తం గీకించేస్తాను. నల్లా కూడా పోతుంది."

"గంతే," అంది హన్మవ్వ. కుంచె తీసుకుంది.

ఆ తర్వాత జరిగింది చూసి నేను విస్తుపోయాను. ముత్తవ్వ బస్సెక్కి డిచ్‌పల్లి వెళ్లి, వేర్ల మట్టితో సహా తంగేడు మొక్క తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చింది. ముత్తవ్వ అడిగిన మొక్క హన్మవ్వ వేసిందని తెలిసి మిగతావాళ్లు వచ్చి పడ్డారు. నాకు తుమ్మి, నాకు వావిలి అని పేచీ. ఒకావిడ మోదుగు కావాలని రెండు రోజులు అలిగింది. ఎవరి పుట్టినూరి తోవలో ఉండే మొక్క వాళ్లకు కావాలి. గోడ మీద బొమ్మ, బొమ్మ కింద మొక్క, మొక్క మొదట్లో ఆ ఇంటి నీళ్లు. ఎవరు బద్ధకించి గడపలో గుమ్మరిస్తే వాళ్ల మొక్క వాళ్ల బొమ్మ కిందే వాడిపోతుంది. నల్లా దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ చూస్తుంది. ఒకసారి ఒకావిడ ఉత్తరేణి తల వాల్చితే, బిందె పట్టుకొచ్చిన ప్రతి ఒక్కరూ "ఏమే, మీ ఉత్తరేణికి పానం మంచిగ లేదా?" అని పరామర్శించారు. ఆవిడ సాయంత్రంలోగా రెండు బకెట్లు పోసింది.

ఎండింది ఒక్క హన్మవ్వ మొక్కే. తునికి మామూలుగా మోడు నుంచి, వేరు నుంచి లేస్తుంది తప్ప తెచ్చి నాటితే బతకదట. మూడుసార్లు తెప్పించి నాటింది, మూడూ పోయాయి. ముత్తవ్వ ఎగతాళి చేసింది. హన్మవ్వ ఆ ఎండు పుల్లకు రోజూ నీళ్లు పోస్తూనే ఉంది. "నీళ్లు మడిల పొయ్యాలెనన్నం గని, బతకాలెనన్నమా?" అంది.

మే నెలాఖరుకు గేటు ముందు నేల బీటలు వారింది. నేను రోజూ పొద్దునా సాయంత్రం వచ్చి చూసేదాన్ని, తడి దొరుకుతుందేమోనని. దొరకలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు సంతోషం కలగలేదు. ఓడిపోతున్నట్టనిపించింది.

జూన్ పదకొండు, సోమవారం. బడి తెరిచాం. పదిగంటలకు ఆత్మారాం ఇద్దరు కూలీలతో, పైపు పానాలతో వచ్చాడు. గల్లీ ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి గోడ వెంట, ఎవరి మొక్క దగ్గర వాళ్లు నిలబడ్డారు. నేను గేటు తీసుకుని బయటికి వచ్చాను.

గేటు ముందు మడుగుంది. రెండు చేటలంత మడుగు. దానిలో రెండో తరగతి పిల్ల చెప్పు ఒకటి ఇరుక్కుని ఉంది.

ముత్తవ్వ ముఖం పాలిపోయింది. "మేం పొయ్యలే. ఒట్టు, మేం ఎవ్వలం పొయ్యలే," అంది. ఆత్మారాం నా వైపు చూశాడు. "ఏం చేద్దాం మేడమ్?"

నేను హన్మవ్వను చూశాను. ఆమె మడుగు కేసి చూసి, నన్ను చూసింది. నేను వంగి ఆ నీళ్లు చూశాను. డికాక్షన్ రంగు లేదు. తేటగా ఉన్నాయి. గల్లీ వైపు నేల ఎండి పగుళ్లిచ్చి ఉంది. తడి వచ్చింది గేటు కింది సందులోంచి.

లోపలికి వెళ్లాను. వరండాలో పిల్లలు నీళ్లు తాగే కుండలను లింబయ్య వరసగా బోర్లిస్తున్నాడు. బడి తెరుస్తున్నామని నిన్ననే వాటిని నింపి పెట్టాడు. నిన్నటి నీళ్లు పారబోసి, కుండలు తొలిచి, ఆ నీళ్లు కూడా పారబోసి, కొత్త నీళ్లు పట్టాలి. ఎనిమిది కుండలు. పదకొండేళ్లుగా ప్రతి పొద్దునా పది లోపల ఆ పని పూర్తవ్వాలని నియమం పెట్టింది నేనే. వేసవి సెలవుల్లో కుండలు లేవు కాబట్టి మడుగూ లేదు.

మళ్లీ గేటు దాకా నడిచి వచ్చాను. మాట్లాడకుండా ఉండే వీలుంది. ఎవరికీ తెలియదు. ఆత్మారాం తడి చూశాడు, చాలు అతనికి. నలభై గజాల తెల్లగోడ మళ్లీ నాది అయిపోతుంది.

"ఆ అర్జీ ఇలా ఇవ్వండి," అన్నాను. దాన్ని గేటు మీద ఆనించి, వెనకవైపు రాశాను. అప్పుడు ఆత్మారాం పైకి చదివాడు కాబట్టి, ఇప్పుడు నేను పైకి చదివాను. "గేటు ముందరి నీళ్లు పాఠశాలవే. గల్లీ వారివి కావు. నల్లా ఉన్నచోటే ఉంచవలసినదిగా కోరుతున్నాను." కింద సంతకం చేశాను. నా పిల్లలు కిటికీల్లోంచి వింటున్నారు.

ఆత్మారాం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కూలీలను తీసుకుని వెళ్లిపోయాడు. ముత్తవ్వ తంగేడు పక్కనే కింద కూర్చుండిపోయింది.

"నీకు ముందే తెలుసా హన్మవ్వా?" అని అడిగాను.

"మార్చిలనే ఎర్క."

"మరి చెప్పలేదేం?"

"చెప్తె నమ్ముదురా? మా నీళ్లు గాడ పారుతుంటె మీ నీళ్లు ఎట్ల కనవడ్తయి? ముందుగాల మావి బందు గావాలె. గందుకే ఊకున్న."

అని, గేటు పక్కనున్న ఆఖరి మడి వైపు చెయ్యి చూపించింది. ఇరవై మూడోది. తవ్వి రెండు నెలలు దాటినా ఎవరూ చుక్క పోయని మడి. దాని పైన గోడ ఖాళీగా ఉంది. లెక్క తప్పింది నాకు.

"నాకేం మొక్క వేస్తావు?" అన్నాను.

"దురదగొండి," అంది ముత్తవ్వ వెనకనుంచి. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

హన్మవ్వ కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. "వాకుడు ఏస్త. ఒళ్లంత ముండ్లే. కని దగ్గుకు గదే మందు," అని ఈత మట్ట నల్లనీళ్లలో ముంచింది.

నాలుగేళ్ల కిందట నన్ను వెళ్లిపొమ్మని రాసింది సరిగ్గా అక్కడే. హన్మవ్వకు చదవడం రాదు, ఆ సంగతి ఆమెకు తెలిసి ఉండదు. తెలుసేమో కూడా. నేను అడగలేదు.

లోపలికి వెళ్లి ఇంకా బోర్లించని కుండలోని నీళ్లు బకెట్‌లోకి వంచుకున్నాను. లింబయ్య అందుకోబోయాడు. ఇవ్వలేదు. నేనే మోసుకెళ్లి, వట్టి మట్టిగా ఉన్న ఇరవై మూడో మడిలో పోశాను.